మా స్టేడియం, మన స్టేడియం

చిక్కడపల్లి,
8 జూన్ 2025.

విద్యావతి వదినగారికి,

నమస్కారం. మీరు పంపిన పుంటికూర పచ్చడి అందింది. మేము దాన్ని గోంగూర అంటాము. పేరు ఏదైనా పచ్చడి బాగుంది, కారం మాత్రం ఎక్కువ. మీ స్టీలు డబ్బాలోనే కొబ్బరి బూరెలు పెట్టి పంపుతున్నాను. మన రెండిళ్ళ మధ్య ఆ డబ్బా ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఖాళీగా తిరగలేదు. ఆ నియమం నాకు గుర్తుంది.

ఇక అసలు సంగతి. క్రిందటి ఆదివారం మనం ఫోనులో మాట్లాడుకున్నదాన్ని మాట్లాడుకోవడం అనరు. నా వాక్యం ఒక్కటీ క్రియ దాకా చేరలేదు. మీరు మధ్యలోనే అందుకున్నారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో ఆపడం మీ వల్ల కాదు. కోచింగ్ సెంటరుకు వెళుతూ మా రాఘవ డబ్బాతో పాటు దీన్నీ అందిస్తాడు. వాడు నాకు కొడుకు, మీకు అల్లుడు. ఇద్దరి పనీ చేస్తాడు.

బాగ్ లింగంపల్లిలో కొత్తగా కట్టిన స్టేడియాన్ని కార్పొరేషన్ వాళ్ళు ఒక్క ఫుట్‌బాల్ క్లబ్బుకే ఇవ్వరట. మా చిక్కడపల్లి మిత్రమండలి, మీ నారాయణగూడ తూఫాన్ ఒకే దరఖాస్తు మీద సంతకం చేస్తే ఇద్దరికీ కలిపి ఇస్తారట. దీపావళి లోపల ఆ పని జరగకపోతే ఇంకెవరికో ఇచ్చేస్తారట. కానీ మాకు వేరే దారి ఉంది. మా పాత సభ్యులొకరు ఘట్‌కేసర్ అవతల ఉన్న తన స్థలం క్లబ్బుకు ఇస్తానన్నారు. దూరమే. కానీ అది మాది. మావారు శ్రీరామమూర్తిగారు క్లబ్బు పెట్టిన రోజు నుంచి పోయేదాకా కోరింది ఒక్కటే: "మనకంటూ ఒక గేటు ఉండాలి, రత్నం." అధ్యక్షురాలిగా ఆ గేటు పెట్టించడం నా పని.

పంచుకోవడమంటే ఏమిటో నాకు తెలియక కాదు. పెళ్ళయిన కొత్తలో మీ ఇంట్లో వెనక పోర్షన్లో అద్దెకున్నాం. రెండు కుటుంబాలకూ ఒకటే కుళాయి. మీ అత్తగారు మా బిందెను కాలితో పక్కకు జరిపేవారు. ఇకమీదట ఏదైనా సరే సొంతంగా ఉండాలని ఆ రోజే అనుకున్నాను.

మా శ్రీదివ్య గోల్‌కీపింగ్ మెరుగైంది. ఇంటర్ చదువు మాత్రం మెరుగవలేదు.

చెప్పదలచినదంతా ఈసారి పూర్తిగా చెప్పగలిగిన,
రత్నమాల

నారాయణగూడ,
11 జూన్.

రత్నమాల వదినెకు నమస్తే.

బూరెలు వచ్చినయ్. మీ అన్నయ్యకు షుగర్ ఉన్నదని తెల్సి కూడ పంపిన్రు. తిన్నంక, మూతి తుడుచుకున్నంక నాకు చెప్పిండు కిషన్ రావు గారు. తూఫాన్ ప్రెసిడెంటును పడగొట్టనీకి ఇది మిత్రమండలి ప్లానా అని అడుగుమన్నడు.

ఇగ నల్లా ముచ్చట. మా అత్త మీ బిందె జరిపింది నిజమే. మీరు రాత్రే వచ్చి బిందెలు వరుసల పెట్టి, పొయ్యి హాయిగ పండుకునెటోళ్ళు. అది ఎందుకు రాయలే? ఆ నల్లా కాడనే మీ రాఘవ నా చంద్రిక మీద నీళ్ళు చల్లిండు. ఆమె ఏడ్సుకుంట నా కొంగు పట్టుకున్నది. పెద్దగైనంక అదే పిలగానిని చేసుకుంట అని కూసున్నది. నల్లా పంచుకోకపోతే మీకు కోడలెక్కడిది, నాకు అల్లుడెక్కడిది వదినె?

ఇంకొక మాట మనసుల పెట్టుకోకుండ అడుగుత. నాకు రాసే ఉత్తరంల "మా శ్రీదివ్య" అని రాసిన్రు. మీకు కొడుకు బిడ్డ అయితే నాకు బిడ్డ బిడ్డ. నన్ను ముంగట కూసోబెట్టుకొని "మా" ఏంది?

ఘట్‌కేసర్ అవతల ఆడితే చూడనీకి ఎవరొస్తరు? నారాయణగూడ ఫ్లైఓవర్ దాటాలంటెనే మీవోళ్ళు పరేషాన్ అయితరు. జర ఆలోచించుండ్రి. సర్వపిండి పెట్టిన. వేడిగ ఉన్నప్పుడే తినుండ్రి.

మీ మాట మధ్యల అందుకోకుండ మొత్తం చదివిన,
విద్యావతి

చిక్కడపల్లి,
30 జూన్.

వదినగారూ,

"మా" అని రాయడం నా తప్పే. దిద్దుకున్నాను. ఆ తప్పు దిద్దుకోబోయి ఇంకో చోట పడ్డాను. ఎలాగో వినండి.

మొన్న మందుల కోసం వెళుతుంటే నారాయణగూడ చౌరస్తాలో మీ క్లబ్బు వాళ్ళు కట్టిన ఫ్లెక్సీ కనబడింది. "మన స్టేడియం మనకే!" అని ఎర్రటి అక్షరాలతో ఉంది. ముప్పయ్యేళ్ళు తెలుగు చెప్పినదాన్ని. మేము అంటే వినేవాళ్ళు కాక మాట్లాడేవాళ్ళు మాత్రమే. మనము అంటే వినేవాళ్ళు కూడా. మన భాషకున్న ఈ మర్యాద చాలా భాషలకు లేదని పిల్లలకు చెప్పి చెప్పి రిటైరయ్యాను. ఆ ఫ్లెక్సీని చదువుతున్నది నేను. కనుక ఆ "మన"లో నేనున్నాను. గొడుగు వేసుకుని అక్కడే నిలబడి రెండోసారి చదివాను. కలిసి ఉందామని కిషన్ రావు అన్నయ్యగారు నలుగురి ముందూ ఒప్పుకున్నారనిపించి మనసు మెత్తబడింది. మా క్లబ్బులో పెట్టబోతున్న ఘట్‌కేసర్ తీర్మానం వాయిదా వేయించి, సాయంత్రమే మీ క్లబ్బు గదికి వెళ్ళాను. అన్నయ్యగారు లేరు. కార్యదర్శి కనకయ్య ఉన్నాడు.

"ఫ్లెక్సీ చదివాను. సంతోషంగా ఉంది" అన్నాను.

"కూసోండ్రి అమ్మా, చాయ్ తాగుండ్రి. మస్తు కొట్లాడుతున్నం. మన స్టేడియం మనకు రావాలె కద."

"మన అంటే ఎవరెవరం, కనకయ్యా?"

"మన అంటే మనమే. తూఫానోళ్ళం."

"మరి నేనో?"

"మీరు మిత్రమండలి కద అమ్మా!"

టీ తాగి వచ్చాను. టీ బాగుంది, అది వేరే సంగతి. నిన్న మా సమావేశంలో తీర్మానం నెగ్గింది. మేము ఘట్‌కేసర్ వెళుతున్నాము. ఈ వాక్యంలో "మేము" అన్నది తెలిసి రాసినదే.

ఈసారి డబ్బా ఖాళీగా పంపుతున్నాను. మరిచిపోయి కాదు.

రత్నమాల

నారాయణగూడ,
1 జులై.

వదినే, మీరు గమ్మత్తు మనిషి!

ఉత్తరం చదివిన. డబ్బా ఖాళీగ పంపుతున్న అని ఎంత పెద్ద మాట రాసిన్రు! ఏడుపు మొకం పెట్టుకొని మూత తీసిన. లోపల వేడి వేడి మిర్చి బజ్జీలు! నేను, మీ అన్నయ్య పకపక నవ్వినం. కలానికి కోపమొచ్చింది గాని చేతికి రాలే అన్నడు ఆయన.

కనకయ్య మాటకు కోపం చేసుకోకుండ్రి. మా దిక్కు అట్లనే అంటరు. ఎవరన్న వస్తే "మన ఇంటికి రాండ్రి" అంటం. వచ్చినోళ్ళు ఆ ఇల్లు రిజిస్ట్రీ చేయించుకుంటరా? "మా ఇంటికి" అంటే ఎందుకో గీత గీసినట్టు ఉంటది. అందుకే మన అంటం. అది మర్యాద. కనకయ్యకు వ్యాకరణం రాదు, చాయ్ పెట్టుడు వస్తది. ఇన్నేండ్ల సంది హైదరాబాద్‌ల ఉండి కూడ మీకు ఇది తెల్వకపాయె.

మీ బజ్జీల అర్థం మాకు సమజైంది. మీరు ఒప్పుకున్నరని మీ అన్నయ్య రాత్రే క్లబ్బుల అందరికీ చెప్పిండు. వాళ్ళు పటాకలు కాల్చిన్రు. మీ దాంక వినబడ్డదా?

డబ్బల మలీద పెట్టిన. తీపి ముచ్చటకు తీపి ఉండాలె.

ఖుషీగ ఉన్న,
విద్యావతి

చిక్కడపల్లి,
3 జులై.

వదినగారూ,

నేను మిర్చి బజ్జీలు పంపలేదు.

మీ ఉత్తరం చూసి రాఘవను పిలిచి నిలబెట్టి అడిగాను. మొదట నేల చూపులు చూశాడు. తర్వాత అన్నాడు: "ఖాళీ డబ్బా తీసుకెళ్ళి అత్తయ్యగారి చేతికి ఎలా ఇవ్వనమ్మా? నేను ఆ ఇంటి అల్లుణ్ణి. దారిలో బండి కనబడింది, నింపించాను."

"ఉత్తరంలో ఏం రాశానో చదివావా?"

"మీ ఇద్దరి మధ్య ఉత్తరాలు నేను చదవకూడదు కదా!"

యాభై దాటబోతున్న మనిషి, బ్యాంకు పరీక్షలకు పిల్లలను తయారుచేసే మనిషి, బజ్జీలతో సంధి చేశాడు. ఆ సంధి చెల్లదు. ఇక్కడ నా పరిస్థితి ఏమిటో ఆలోచించండి. మీ టపాకాయలు మావాళ్ళకు వినబడ్డాయి. అధ్యక్షురాలు లోపాయికారీగా తూఫాన్‌కు మాట ఇచ్చారని నా ముందే అన్నారు. ఇక మాటల్లో కాదు, ఆటలోనే చూపించాలి. ఆగస్టులో వానలు ఆగిన మొదటి ఆదివారం ఘట్‌కేసర్‌లో మా తొలి ఆట.

మలీద తిన్నాను. పంపింది పొరపాటున కనుక తినకూడదేమో అనుకుంటూనే తిన్నాను. డబ్బాలో కందిపొడి ఉంది. నేనే పెట్టాను.

రత్నమాల

చిక్కడపల్లి,
25 ఆగస్టు.

వదినగారికి,

నా ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. కందిపొడి డబ్బా కూడా తిరిగి రాలేదు. ఇన్నేళ్ళలో అది మీ దగ్గర ఇంతకాలం ఎప్పుడూ ఉండిపోలేదు. సరే. నిన్న ఘట్‌కేసర్‌లో ఏం జరిగిందో మీకు రాయాలనిపించింది.

గేటు చాలా బాగా కుదిరింది. నీలం మీద తెల్లటి అక్షరాలు, చిక్కడపల్లి మిత్రమండలి అని. ఒక్క అక్షరదోషం లేదు, దగ్గరుండి రాయించాను. బస్సు ఆలస్యమై సగంమంది ఆట మొదలయ్యాక వచ్చారు. అంత దూరం మాతో ఆడటానికి ఏ క్లబ్బూ రాలేదు. మావాళ్ళే రెండు జట్లుగా విడిపోయి ఆడారు. గోలు పడితే చప్పట్లు కొట్టాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొట్టినా మావాళ్ళకే, మానినా మావాళ్ళకే. మా గోల్‌కీపర్ కాళ్ళ మధ్య నుంచి బంతి పోయింది. తూఫాన్ వాళ్ళుంటే "జల్లెడా! ఓ జల్లెడా!" అని నారాయణగూడ దాకా వినబడేలా అరిచేవారు. ఎవరూ అరవలేదు. గాలి మాత్రం వీచింది. ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చి, "అమ్మగారూ, ఎవరో ఒకరు తిడితే బాగుండేది" అన్నాడు.

అందరూ బస్సెక్కాక నేను గేటు ముందు నిలబడ్డాను. "మనకంటూ ఒక గేటు" అని మావారు అన్నప్పుడల్లా ఆ మాట వినడానికి పక్కన నేనున్నాను. "మన" అనాలంటే వినే మనిషి ఒకరు ఎదురుగా ఉండాలి. ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పిన నాకు ఆ సంగతి అక్కడ, ఆ గేటు ముందు తెలిసింది. నాది అనుకోవడానికి ఇబ్బంది లేదు. మనది అందామంటే ఎవరితో అనను?

ఇది నేను ఒప్పుకోవడం కాదు. జరిగినది రాశాను, అంతే.

రత్నమాల

నారాయణగూడ,
28 ఆగస్టు.

వదినే,

డబ్బా నా కాడ ఆగిపోయిందని కోపం చేసుకోకుండ్రి. మీ అన్నయ్య మీద లొల్లి మా క్లబ్బుల గూడ అయ్యింది. వదినె ఒప్పుకున్నదని పటాకలు కాల్పిచ్చి అబద్ధమాడిండు అన్నరు. ఆయన మొకం చూసి నాకు కలం పట్టబుద్ధి కాలే. మీ ఉత్తరం ఆయనకు చదివి వినిపిచ్చిన. జల్లెడ కాడ నవ్విండు. గేటు కాడ అద్దాలు తీసి తుడుచుకున్నడు.

ఇగ అసలు ముచ్చట ఇనుండ్రి. నిన్న చవితికి శ్రీదివ్య అశోక్ నగర్ల వాళ్ళింటి నుంచి వచ్చింది. వినాయకునికి దండం పెట్టి బ్యాగు ఆడనే పారేసి ఉండ్రాళ్ళ మీద పడ్డది. బ్యాగు సర్దబోతే ఒక బనీను బయటవడ్డది. ఎడమ దిక్కు మీ నీలం, కుడి దిక్కు మా ఎరుపు. వెనుక "చిక్కడగూడ" అని రాసి ఉన్నది!

"ఏందే ఇది?" అన్న.

"అమ్మమ్మా, అరవకు. నాయనమ్మకు చెప్పకు."

"చెప్పక? ఇదేం ఊరే, చిక్కడగూడ?"

"అక్కడ సగం టీం ఉన్నది, ఇక్కడ సగం టీం ఉన్నది. ఆడపిల్లలం మేమెంతమందిమి? కలిస్తెనే పదకొండు మందిమి అయితం. జూన్ నుంచి కలిసే ఆడుతున్నం. డిసెంబర్ లీగ్‌కు పేరిచ్చినం. గ్రౌండ్ రాకుంటే పేరు తీసేస్తరు."

"మాతోని ఒక్క మాట అడగొద్దా?"

"మీ ఇద్దరి కొట్లాట తెగేదాంక ఆగితే నేను ముసలిదాన్నయిత. ఇది మా టీం అమ్మమ్మా. మా టీం!"

చూసిన్రా వదినే? మా అన్నది! మిమ్మల్ని, నన్ను ఒక్క మాటతోని గీత అవతల నిలబెట్టింది. నీలం లేదు, ఎరుపు లేదు. ఇద్దరం బయటనే ఉన్నం. బయట ఉన్నోళ్ళం ఇద్దరం ఒక్క తీరున ఉంటే మంచిగుంటది కద?

డబ్బల ఉండ్రాళ్ళున్నయ్. పొల్ల మిగిలిచ్చినయే.

విద్యావతి

చిక్కడపల్లి,
1 సెప్టెంబర్.

వదినగారికి నమస్కారం.

ముందుగా, చిక్కడగూడ అనే మాట ఏ సంధి కిందికీ రాదు, ఏ సమాసం కిందికీ రాదు. రెండు ఊళ్ళ పేర్లను కత్తెరతో కోసి అతికించారు. శ్రీదివ్యకు ఈ మాట చెప్పాను. "నారాయణపల్లి అయితే బాగుంటుందా నాయనమ్మా?" అంది. చిక్కడగూడే ఉండనివ్వమన్నాను.

జూన్ నుంచి ఆ పిల్లలు కలిసి ఆడుతుంటే నేను కుళాయి గురించి రాస్తూ కూర్చున్నాను. మా సమావేశంలో ఘట్‌కేసర్ తీర్మానం నేనే వెనక్కు తీసుకున్నాను. స్థలమిస్తానన్న పెద్దాయన బాధపడలేదు. "బస్సు నాకూ పడటం లేదమ్మా" అన్నారు.

కలిసి ఉందాం. కానీ కొన్ని మాటలు ముందే అనుకుంటే మంచిది. గ్యాలరీలో ముందురాత్రే జెండాలు పాతి చోటు పట్టడం కుదరదు. బిందెల విషయంలో మీ ఆరోపణ నిజమే కనుక ఇది మొదట మాకే వర్తిస్తుంది. ఎవరి బిందెనూ ఎవరూ కాలితో జరపకూడదు. అది మీకు. మన రెండు క్లబ్బులూ తలపడిన రోజున ఆతిథ్యం ఎవరిదనే గొడవ వస్తుంది. సొంత ఇంట్లో అతిథిగా కూర్చోవడానికి మావాళ్ళూ ఒప్పుకోరు, మీవాళ్ళూ ఒప్పుకోరు. అందుచేత ఆ రోజు టీ, పలహారం ఇద్దరూ తేవాలి. గోడలకు ఎరుపు వద్దు, నీలం వద్దు. సున్నం చాలు.

దరఖాస్తు అన్నయ్యగారిని రాయమనండి. నేను దిద్దుతాను. డబ్బాలో మినప సున్నుండలు ఉన్నాయి. నేను పెట్టినవే. అనుమానముంటే రాఘవను అడగండి.

రత్నమాల

నారాయణగూడ,
10 అక్టోబర్.

వదినే,

దరఖాస్తు ఇచ్చి వచ్చినం. మీరు ఎర్ర సిరాతోని దిద్దినంక అసలు కాయితం కన్న దిద్దిందే ఎక్కువున్నది. మీ అన్నయ్య దాన్ని మళ్ళ రాసుకుంట బడి పిలగాని లెక్క గునిగిండు. స్టేడియం ఇస్తరట. తాళంచెవులు డిసెంబర్‌ల ఇస్తరు.

ఆయన ఒక మాట చెప్పమన్నడు. గేటు మీద ఏం రాయాలెనో రత్నమాల చెల్లెనే చెప్పాలె, ఇంకెవ్వలూ నోరు తెరవొద్దు అని క్లబ్బుల అన్నడు. కనకయ్య ఏదో అనబోతే "నువ్వు చాయ్ పెట్టు" అన్నడు. ఆట అయినంక మూర్తి గారు ప్రతిసారి ఒక మాట అనెటోడట: "కిషన్ రావూ, మనకంటూ ఒక గేటు ఉండాలయ్యా." అది ఆయనకు ఇంకా యాదికున్నది. తూఫానాయనతోని గూడ "మనకంటూ" అని తెల్సే అన్నడా, లేకుంటే అలవాటుగ అన్నడా? వ్యాకరణం మీకు తెల్సు, మీరే చెప్పుండ్రి.

విద్యావతి

చిక్కడపల్లి,
15 డిసెంబర్.

ప్రియమైన వదినగారికి,

కాలు బెణికి ప్రారంభోత్సవానికి మీరు రాలేకపోయారు. రాత్రి అన్నయ్యగారు ఏదో ఒక కథనం చెప్పే ఉంటారు. దాన్ని నమ్మవద్దు. జరిగినది ఇది.

ముందు పిల్లల ఆట. చిక్కడగూడ గెలిచింది. మన శ్రీదివ్య పక్కకు దూకి బంతిని పట్టుకున్నప్పుడు నేను లేచి నిలబడి అరిచాను. చేతిలో ఉన్నది ఎర్ర జెండా అని తర్వాత చూసుకున్నాను. ఎవరు పెట్టారో తెలియదు. చంద్రిక నవ్వు చూస్తే తెలిసినట్టే ఉంది.

టీ ఇద్దరం తేవాలన్నది నా షరతే. ఫలితంగా స్టేడియమంతా టీ. ఒకరి టీ కాదంటే వాళ్ళకు కోపం వస్తుందని అందరూ రెండూ తాగారు. సమోసాలు మిగిలితే అశోక్ నగర్ హాస్టళ్ళ పిల్లలు వచ్చి ఆ సమస్య తీర్చారు.

ఆ తర్వాత పెద్ద ఆట, మిత్రమండలి, తూఫాన్. మా గోల్‌కీపర్‌ను మీవాళ్ళు "జల్లెడా!" అని పిలిచారు. ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. అంతగా వెలిగినవాడు బంతిని చూసుకోలేదు. మేము ఓడిపోయాము. రెండో గోలు ఆఫ్‌సైడ్ అని ఇప్పటికీ అంటున్నాను.

ఇక గేటు. రెండు రెక్కల గేటు. ఒక రెక్క మీద మా పేరు, ఇంకో రెక్క మీద మీ పేరు, పైన కమాను మీద "మా స్టేడియానికి స్వాగతం" అని రాయించాను. అది చూసి కనకయ్య సందు దొరికిందని వచ్చాడు. "అమ్మా, మళ్ళ మా అని రాసిన్రు! మన అని కద ఉండాలె?"

"ఇది ఎవరు చదువుతారు కనకయ్యా? సికింద్రాబాద్ నుంచి, పాతబస్తీ నుంచి మనతో ఆడటానికి వచ్చేవాళ్ళు. వాళ్ళతో మనిద్దరం కలిసి చెప్పేటప్పుడు మా అనాలి."

కనకయ్య రెండు రెక్కల మీది పేర్లూ వేలితో చూపించాడు. "అంటే ఇప్పుడు మా అంటే మీరూ మేమూనా?"

"ఆ."

"మరి మన?"

గేటు మూయించి లోపలి వైపు చూపించాను. కమాను వెనక, మైదానం వైపు "ఇది మన స్టేడియం" అని ఉంది. వీధిలో వాళ్ళకు అది కనబడదు. లోపలున్నవాళ్ళకే కనబడుతుంది. మీరు అడిగిన ప్రశ్నకు నా జవాబు కూడా అదే. మావారికి వ్యాకరణం నాకన్నా బాగా వచ్చు. అలవాటుగా అనే మనిషి కాదు.

అన్నయ్యగారు దగ్గరకు వచ్చి ఆ అక్షరాలు చదివారు. "లోపలి మాట ఎవరి కోసం చెల్లెమ్మా?" అన్నారు.

"ఓడిపోయినవాళ్ళు బయటికి వెళుతూ చదువుకోవడానికి" అన్నాను.

నిన్న చదువుకుంటూ బయటికి వచ్చింది మేము. ఇక్కడ "మేము" అంటే మీరు కాదు. వచ్చే నెల చదువుకునేది మీరు.

డబ్బాలో పుంటికూర పచ్చడి ఉంది. కారం మీ లెక్క ప్రకారమే వేశాను.

మన శ్రీదివ్య నాయనమ్మ,
రత్నమాల